జ్వరం అని రాసిన సెలవు చీటీ

డల్లాస్,
6 ఏప్రిల్ 2025

ప్రియమైన చిన్నమ్మకు,

జెస్సికా వందనాలు. చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరమేమిటని కవరు చింపకముందే తిట్టుకుంటూ ఉంటావు. ఈ సంగతులు ఫోన్లో రాయడానికి నాకు భయంగా ఉంది. విమానాశ్రయాల్లో ఫోన్లు తెరిచి చూస్తున్నారని ఇక్కడి పిల్లలంతా అనుకుంటున్నారు. పైగా ఆదివారం మనం మాట్లాడేటప్పుడు నీ చుట్టూ పదిమంది ఉంటారు. అందుకే ఆదివారాలు ఏం కూర వండావని మాత్రమే అడుగుతాను. అసలు సంగతి ఉత్తరాల్లో రాసుకుందాం.

జనవరిలో అమ్మ పోయాక నేనెలా అయిపోయానో నీకొక్కదానికే తెలుసు. ఫిబ్రవరంతా మంచం దిగలేదు. నువ్వే నంద్యాలలో మనసు డాక్టరును వెతికి నాతో ఫోన్లో మాట్లాడించావు. ఆరు వారాలు మాట్లాడారాయన. ఆ రోజుల్లోనే రెండు సబ్జెక్టులు మానేశాను. మానేసే ముందు కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు వెళ్ళి అనుమతి తీసుకోవాలి. తెలియక కాదు చిన్నమ్మా, ఆ ఆఫీసు దాకా నడవలేక తీసుకోలేదు. మార్చి 20న నా పేరు విద్యార్థుల రికార్డులోంచి తీసేశారు. అంటే ఈ దేశంలో ఉండే హక్కు నాకిప్పుడు లేదు.

ఒక దారి ఉంది. ఐదు నెలల్లోపు, అంటే ఆగస్టు 20లోగా అర్జీ పెట్టుకోవాలి. నా చేతిలో లేని కారణం వల్ల ఇలా జరిగిందని రుజువు చూపించాలి. చూపిస్తే మళ్ళీ చేర్చుకోవచ్చు. రుజువంటే ఆ డాక్టరు గారి కాగితమే. ఏం జబ్బు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఉన్నది ఉన్నట్టు. సంతకమూ ముద్రా ఉన్న అసలు కాగితం కావాలని ఇక్కడ నేను కలిసిన లాయరమ్మ చెప్పింది. నువ్వు వెళ్ళి తీసుకుని పంపించు. ఇంకా రెండు సెమిస్టర్లే ఉన్నాయి. ఇంత దూరం వచ్చి పట్టా లేకుండా తిరిగి రావడం నాకిష్టం లేదు.

చిన్నాయనను అడిగానని చెప్పు. అమ్మ సమాధి రాయి ఎంతవరకు వచ్చింది?

నీ జెస్సీ


ఆళ్లగడ్డ,
25 ఏప్రిల్ 2025

జెస్సీ పాపకు చిన్నమ్మ దీవెనలు.

నీ దస్తూరి చూసి ముందు దిగులేసింది. ఒకప్పుడు ముత్యాల్లా రాసేదానివి, ఇప్పుడు కోడి కెలికినట్టుంది. తర్వాత చదివాను. చదివాక దస్తూరి సంగతి మరిచిపోయాను. ఇంత జరిగితే నెలరోజులు నాకు చెప్పకుండా ఎట్లా ఉన్నావే? పోలీసులు వచ్చి పట్టుకుపోతారా? అన్నం తింటున్నావా? ఇంటి తలుపు ఎవరికీ తీయొద్దు.

బడికి నిన్నటినుంచి వేసవి సెలవులు. పేపర్లు దిద్దే పని అయిపోగానే నంద్యాల వెళ్తాను. ఆ డాక్టరు క్లినిక్ పక్కనే కళ్ళ ఆసుపత్రి ఉండడం దేవుడి దయ. ఫిబ్రవరిలో కూడా కళ్ళు చూపించుకోవడానికని చెప్పే పోయాను. మన వీధిలో ఇప్పటికీ నా చూపు ఎట్లుందని అడుగుతున్నారు.

కాగితం సంగతి నాకొదిలెయ్. ఇరవై ఎనిమిదేళ్ళుగా సెలవు చీటీలు చూస్తున్నదాన్ని. నువ్వు ఐదో తరగతిలో ఉన్నప్పుడు మీ నాయన పోయి పదిహేను రోజులు బడికి రాలేదు, గుర్తుందా? నీ సెలవు చీటీ నేనే రాశాను, జ్వరం అని. హెడ్మాస్టరు ఒక్క మాట అడగలేదు. అర్జీ అంటే ఎవరూ మళ్ళీ ప్రశ్న వేయకుండా ఉండాలి.

ఇంకో మాట. నంద్యాల చర్చిలో కమలాక్షమ్మక్క లేదూ, వాళ్ళ అజయ్ కుమార్ మీ దేశంలోనే ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వారం ఆమె నా చేయి పట్టుకుని, "మీ లూదియక్క కూతుర్ని మాకిస్తారా మంజులా? పిల్ల నెమ్మదస్తురాలని అందరూ అంటాండారు" అంది. అక్క బతికుంటే ఎంత సంబరపడేదో! పెళ్ళయితే మొగుడి వీసా మీద ఉండొచ్చంట కదా. ఆలోచించు.

మీ చిన్నాయన రాయి మీద శిలువ చెక్కేశాడు. పగలు పనిశాలలో దేవుళ్ళ పీటలు చెక్కి, సాయంత్రం ఇంటికొచ్చి మీ అమ్మ రాయి పట్టుకుంటాడు. ఎవరైనా పలకరిస్తే కోపం.

చిన్నమ్మ మంజుల


డల్లాస్,
15 మే 2025

ప్రియమైన చిన్నమ్మకు,

నీ ఉత్తరం పద్దెనిమిది రోజులకు చేరింది. పోలీసులెవరూ రాలేదు. తలుపు మాత్రం నువ్వు చెప్పకముందే వేసుకునే ఉంటున్నాను. అన్నం తింటున్నాను, పప్పు మాడుస్తున్నాను.

నా ముందు ఏమేం ఉన్నాయో నీకు సరిగ్గా చెప్పాలి. మొదటిది, నేను చెప్పిన అర్జీ. అది ఒప్పుకుంటే ఏమీ జరగనట్టే చదువు పూర్తి చేసుకోవచ్చు. రెండోది, నేనే దేశం వదిలి వచ్చేసి, కాలేజీ నుంచి కొత్త కాగితాలు తెప్పించుకుని, హైదరాబాదులో మళ్ళీ వీసా అడగడం. ఇస్తారన్న నమ్మకం లేదు. ఇచ్చినా చదువు మళ్ళీ మొదటినుంచి లెక్క. మూడోది, ఏమీ చేయకుండా దాక్కుని ఉండడం. అలా ఉన్న ఇద్దరు అబ్బాయిలను చూశాను. వాళ్ళు కిటికీ తెరలు కూడా తీయరు. అది నావల్ల కాదు.

పెళ్ళి ఇందులో దారి కాదు. రికార్డు పోయినవాళ్ళను ఇక్కడే ఉండి ఒక వీసా నుంచి ఇంకో వీసాకు మారనివ్వరని లాయరమ్మ చెప్పింది. అజయ్ నాకు ఫోన్ చేశాడు. నెమ్మదిగా మాట్లాడాడు, మంచివాడిలాగే ఉన్నాడు. కానీ ఇప్పుడా మాట వద్దు. అర్జీ పెట్టనీ.

సెలవు చీటీ కథ నాకు గుర్తుంది. అయితే ఇది మన హెడ్మాస్టరు కాదు చిన్నమ్మా. వీళ్ళు అడుగుతారు. ప్రతి తేదీ చూస్తారు. ఉన్నది ఉన్నట్టు రాయించు. డాక్టరు దగ్గరికి వెళ్ళావా? మామిడిపళ్ళు వచ్చాయా? బనగానపల్లె పళ్ళు తలుచుకుంటే ఇక్కడి పళ్ళు ముట్టబుద్ధి కావడం లేదు.

నీ జెస్సీ


ఆళ్లగడ్డ,
4 జూన్ 2025

జెస్సీ పాపకు,

శుభవార్త. ఈ ఉత్తరంతో పాటు కాగితం పెట్టాను, జాగ్రత్తగా తెరువు.

నంద్యాల డాక్టరు ఊర్లో లేడు. కొడుకు దగ్గరికి పోయాడంట, ఎప్పుడొస్తాడో తెలియదన్నారు. నీకు టైము లేదని నేనే ఒక ఏర్పాటు చేశాను. మా వీధి చివర క్లినిక్ పెట్టినవాడు నా దగ్గర మూడో తరగతి చదివినవాడే. నేను చెబుతుంటే వాడు రాశాడు, ఎక్కాలు అప్పజెప్పినట్టు కుదురుగా. టైఫాయిడ్. ఫిబ్రవరి 10 నుంచి మార్చి 5 దాకా. గుండ్రటి ముద్ర కూడా వేశాడు. ఇంత గౌరవంగా ఉన్న కాగితాన్ని ఎవరు కాదంటారు?

అజయ్ మంచివాడని నువ్వే రాశావు కాబట్టి కమలాక్షమ్మక్కకు మాటిచ్చేశాను. ఆమె సంతోషం చూడాలి! మొన్న ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుంది. పెళ్ళి మాట నడుస్తున్నప్పుడు నీ పేరుతో మనసు డాక్టరు కాగితం ఒకటి ఊళ్ళో తిరగడం మంచిది కాదు. టైఫాయిడ్ అయితే వస్తుంది, పోతుంది. ఆ ఇంకో జబ్బు అట్లా కాదు. పోయినా పేరు మిగులుతుంది.

మీ చిన్నాయనకు ఇది నచ్చలేదు. "ఏందిమే, ఆ పిల్ల జబ్బుకు నువ్వు పేరు మారుస్తాండావ్? రాతి మీద ఒకరి పేరుకు ఇంకొకరి పేరు చెక్కితే రాయి పారేయాల్సిందే" అన్నాడు. ఆయనకు లోకం సంగతులు తెలియవు, రాళ్ళతో తప్ప మనుషులతో పనిలేదు. నువ్వు పట్టించుకోకు.

మామిడిపళ్ళు తెప్పించాను. నీ వాటా కూడా మేమే తిన్నాం.

చిన్నమ్మ మంజుల


డల్లాస్,
25 జూన్ 2025

చిన్నమ్మా,

ఫిబ్రవరి 10 నుంచి మార్చి 5 దాకా ఆళ్లగడ్డలో నాకు టైఫాయిడ్ ఎలా వచ్చింది? ఆ రోజుల్లో నేను ఈ దేశంలో ఉన్నాను. నా పాస్‌పోర్టు చూస్తే చిన్నపిల్ల కూడా చెబుతుంది. లాయరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "ఇది ఎవరైనా చూశారా?" అని అడిగింది. లేదన్నాను. "ఎవరికీ చూపించకు. దొంగ కాగితం పెట్టావని ఒక్కసారి రాసుకుంటే జన్మలో నీకు వీసా రాదు" అంది. ఆమె ముందు నేను తలెత్తలేకపోయాను. మా చిన్నమ్మ టీచరని అంతకుముందే ఆమెకు గొప్పగా చెప్పి ఉన్నాను.

నిజంగా జబ్బు పడ్డాను కదా చిన్నమ్మా. అబద్ధం అక్కరలేని మనిషిని నేను. నిజం చెబితే సరిపోయే చోట నా చేతిలో అబద్ధం పెట్టావు.

అజయ్ సంగతి. నేను ఒప్పుకోలేదు. ‘మంచివాడిలాగే ఉన్నాడు’ అన్నదానికి అర్థం అంతే. నిన్న అతనే ఫోన్ చేసి ‘అమ్మ ముహూర్తాల గురించి పాస్టరు గారితో మాట్లాడుతోంది’ అన్నాడు. కూర తగలబడుతోందని ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద కూరే లేదు.

ఇంకా యాభై ఆరు రోజులున్నాయి. డాక్టరు గారు వచ్చి ఉంటారు. వెళ్ళి నిజమైన కాగితం తీసుకో. ఇంకేమీ చేయొద్దు, ఎవరితోనూ ఏమీ రాయించొద్దు.

జెస్సికా


ఆళ్లగడ్డ,
13 జూలై 2025

జెస్సికాకు,

సంతకం జెస్సికా అని పెట్టావు. నీకు జెస్సీ అని పేరు పెట్టిందే నేను.

దొంగ కాగితం అన్నావు. నా జీవితంలో ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. ఎవరికోసం చేశాను? మీ అమ్మ చివరి రోజుల్లో నా చేయి పట్టుకుని, "దాన్ని చూసుకో మంజులా, అది బయటికి చెప్పుకోదు" అంది. చూసుకుందామనే చేశాను. నిన్ను రావద్దన్నదీ నేనే. వస్తే వీసా పోతుందని, చదువు పోతుందని భయపడి, మీ అమ్మ ఆఖరి చూపు కూడా లేకుండా చేశాను. ఇప్పుడు ఆ చదువే పోయేటట్టుంది. ఇదంతా రాత్రులు గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు, నీకెట్లా చెప్పేది?

మన ఊళ్ళ సంగతి నీకు తెలియనిదా? ఒక్కసారి ఆ మాట అన్నారంటే నీ పెళ్ళే కాదు, నువ్వు గట్టిగా నవ్వినా, గట్టిగా ఏడ్చినా దానికే ముడిపెడతారు. నేను బతికున్నన్నాళ్ళు అది జరగనివ్వను.

డాక్టరు ఇంకా రాలేదు. వస్తే చూద్దాం. బడి తెరిచారు, నాకు ఊరికే సెలవు ఇవ్వరు. ఇక్కడ వానలు లేవు.

చిన్నమ్మ


డల్లాస్,
6 ఆగస్టు 2025

ప్రియమైన చిన్నమ్మకు,

పోయిన ఉత్తరంలో కోపంగా రాశాను. ఈసారి కోపం లేదు. అలిసిపోయానేమో.

ఆదివారం మాటల్లో నువ్వు వంకాయ కూర గురించే చెప్పావు. నేనూ వంకాయ కూర గురించే అడిగాను. కాగితం రాలేదని అప్పుడే అర్థమైంది. డాక్టరు కాగితం లేకుండా అర్జీ పెడితే కొట్టేస్తారని, కొట్టేశాక ఇంకో వీసా అడగడం ఇంకా కష్టమని లాయరమ్మ అంది. కాదనిపించుకునే ముందే నేనే మర్యాదగా వెళ్ళిపోతే మేలట. అందుకే టికెట్టు తీసుకున్నాను. ఆగస్టు 28న బయలుదేరి నంద్యాల వస్తాను. అమ్మ ఇంటి తాళంచెవి పక్కింటి మేరీ ఆంటీ దగ్గర పెట్టు. అద్దె ఇల్లయినా ఖాళీ చేయకుండా ఉంచినందుకు నీకు రుణపడి ఉన్నాను.

అజయ్‌కు అంతా చెప్పేశాను, డాక్టరు సంగతితో సహా. అతను, "మా అక్క కూడా అట్లే పడుకున్నింది ఒక సంవత్సరం. మా అమ్మ ఎవరికీ చెప్పనీయలా" అన్నాడు. పెళ్ళి మాట ఇద్దరం వద్దనుకున్నాం. కమలాక్షమ్మ గారికి అతనే చెబుతాడు. చూశావా, నువ్వు ఎవరికి భయపడి దాచావో ఆ ఇంట్లోనే అది ఉంది.

నా వంట సామాను పక్క గది పిల్లలకిచ్చాను. రోజూ కాలేజీ ముందు నుంచి నడుస్తున్నాను. లోపలికి వెళ్ళే కార్డు ఇప్పుడు పనిచేయదు.

నీ జెస్సీ


ఆళ్లగడ్డ,
23 ఆగస్టు 2025

నా తల్లి జెస్సీకి,

ఇది నంద్యాల ఇంటికే రాస్తున్నాను. నువ్వు తలుపు తీసేసరికి లోపల ఉండాలని మేరీకి చెప్పి కిటికీలోంచి వేయిస్తున్నాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు.

డాక్టరు ఏ ఊరికీ పోలేదు. మే 5న నేను నంద్యాల పోయాను. పది నిమిషాల్లో ఆయన కాగితం రాసిచ్చాడు. నీ పేరు, తేదీలు, నువ్వు పడిన బాధ, అన్నీ ఉన్నాయి. నువ్వు అడిగింది అడిగినట్టే. నేను చదివి, "సార్, జ్వరం అని రాయరాదా?" అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "జ్వరం రాలేదు కదమ్మా ఆ పిల్లకు. ఏమొచ్చిందో అదే రాసిన" అన్నాడు.

కాగితం సంచిలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే ఎదురుగా కమలాక్షమ్మక్క. "ఏందీ మంజులా, ఈడుండావ్?" అంది. "కండ్లకు వచ్చినక్కా" అన్నాను. ఆమె కళ్ళ ఆసుపత్రి బోర్డు వైపు చూసి, మళ్ళీ నేను దిగిన మెట్ల వైపు చూసింది. అంతే. తన దారిన పోయింది. నేనే బస్సులో ఆళ్లగడ్డ వచ్చేదాకా చెమటలు కక్కాను. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని బీరువాలో మీ అమ్మ పట్టుచీర మడతలో పెట్టాను. రేపు పంపుదాం అనుకున్నాను. రేపు అనుకుంటూనే టైఫాయిడ్ కాగితం రాయించాను. నువ్వు తిట్టాక కూడా తీసి పంపలేదు. తప్పు ఒప్పుకోవడానికి పౌరుషం అడ్డమొచ్చింది. పిల్లలకు తప్పులు దిద్దడమే తెలుసు నాకు, నావి దిద్దుకోవడం తెలియదు.

మొన్న 21న మీ చిన్నాయన రాయి మీద మీ అమ్మ పుట్టిన తేదీ చెక్కాలని, బాప్తిస్మం కాగితం కోసం బీరువా వెతికాడు. చీర మడతలో ఇది దొరికింది. తేదీ చదివాడు. గోడమీది క్యాలెండరు చూశాడు. "ఒక్క దినం ముందు దొరికినా బాగుండేది గదమే" అన్నాడు. అరిచినా బాగుండేది. ఉలి కడిగి, గుడ్డలో చుట్టి పెట్టేశాడు. రాయి నువ్వొచ్చాకే అంటున్నాడు.

ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. ఇప్పుడు దానివల్ల ప్రయోజనం లేదని నాకు తెలుసు. అది నీది కాబట్టి పంపుతున్నాను. నీ చదువు నేనే పోగొట్టాను తల్లీ. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

మంజుల


నంద్యాల,
2 సెప్టెంబర్ 2025

ప్రియమైన చిన్నమ్మకు,

తలుపు తీయగానే నీ కవరు కాళ్ళకు తగిలింది. పెట్టె లోపలికి లాక్కోకుండానే గడప మీద కూర్చుని చదివాను. చదివి ఏడ్చాను. ముందు నీమీద కోపంతో ఏడ్చాను. అది దాచిపెడితే అబద్ధమవుతుంది. మూడు నెలలు, చిన్నమ్మా! ఆ కాగితం అమ్మ చీరలో మూడు నెలలు ఉంది. నేను రోజూ అక్కడ పోస్టు డబ్బా తెరిచి చూశాను. ఆ కోపం ఇంకా ఉంది. ఎప్పుడు పోతుందో నాకు తెలియదు.

కానీ నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. మార్చిలో డాక్టరు గారు ఆఖరిసారి మాట్లాడినప్పుడు, "అవసరమైతే కాగితం నేరుగా మీకే మెయిలు చేస్తానమ్మా, అసలుది తర్వాత పోస్టులో వస్తాది" అన్నారు. నేనే వద్దన్నాను. మా చిన్నమ్మకివ్వండి అన్నాను. నా పేరు పక్కన ఆ జబ్బు పేరు నా మెయిల్లో ఉండడం నాకిష్టం లేక. ఆయన నంబరు ఈ ఐదు నెలలూ నా ఫోన్లోనే ఉంది. డాక్టరు ఊర్లో లేడని నువ్వు రాస్తే వెంటనే నమ్మాను. నమ్మితే నేను ఫోన్ చేసి నోటితో అడగాల్సిన పని తప్పుతుంది కదా. లాయరమ్మ రెండుసార్లు ‘నువ్వే అడగకూడదా?’ అంది. రెండుసార్లూ మా చిన్నమ్మ చూసుకుంటుందన్నాను. నువ్వు చీరలో దాచావు. నేను నీ వెనక దాక్కున్నాను. కాబట్టి మొత్తం తప్పు నీ ఒక్కదాని ఖాతాలో వేసుకోవద్దు, నా వాటా నాకుంచు.

పోయిన చదువు ఇక రాదేమో. మళ్ళీ అడుగుతాను, ఈసారి అన్నీ ఉన్నట్టే రాసి. ఇస్తే వెళ్తాను, ఇవ్వకపోతే ఇక్కడే ఏదో చేస్తాను. ఇవాళైతే ఏమీ తోచడం లేదు. అమ్మ వంటింట్లో చింతపండు డబ్బా ఇంకా సగం ఉంది. దాన్ని చూసి మళ్ళీ పడుకోవాలనిపించింది. మొన్నటి ఫిబ్రవరిలాగే. అందుకే ఈసారి ఆలస్యం చేయకుండా, ఇందాక నేనే డాక్టరు గారికి ఫోన్ చేశాను. సోమవారం పది గంటలకు రమ్మన్నారు. ఒక్కదాన్నే ఆ మెట్లెక్కలేను. చిన్నాయనను రాయి పని మళ్ళీ మొదలుపెట్టమను, నేను వచ్చి చూస్తాను.

నువ్వు సోమవారం మొదటి బస్సుకు రా. దారిలో ఎవరైనా అడిగితే కళ్ళ ఆసుపత్రికని చెప్పొద్దు. బడిలో సెలవు చీటీ ఇస్తావు కదా, దాంట్లో జ్వరం అని రాయొద్దు. అక్క కూతుర్ని మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, ఒక రోజు సెలవు ఇప్పించగలరు అని నీ ముత్యాల దస్తూరితో రాసి, హెడ్మాస్టరు చేతికిచ్చి రా.

నీ జెస్సీ